75 సెంట్ల ఆటగాడు ఓడితే మార్కెట్ తప్పు చెప్పినట్టేనా?

ఎర్రనేల (అనంతపురం):
అన్నలూ, ఒక డౌటు. చిన్నప్పుడు మా ఊరి ఆర్‌డీటీ సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూల్‌కు పోయేవాణ్ణి. ఇప్పుడు డిగ్రీలో స్టాటిస్టిక్స్. విదేశీ ప్రిడిక్షన్ మార్కెట్లలో, అంటే ఎవరు గెలుస్తారన్న దాని మీద జనం వాటాలు కొని అమ్ముకునే చోట, టెన్నిస్ మ్యాచ్ మొదలయ్యే ముందు ఆటగాడి వాటా ధర చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అతను గెలిస్తే వాటాకు డాలరు, ఓడితే సున్నా కాబట్టి 75 సెంట్లంటే గెలిచే అవకాశం 75 శాతం అనుకోవాలి కదా. నేను పైసా పెట్టలేదు. ఆ ధర దగ్గర 22 మ్యాచ్‌లు రాస్తే 16 మంది గెలిచారు, ఆరుగురు ఓడిపోయారు. ఇన్ని తప్పులుంటే నమ్మేదెట్లా?

కాయల అంగడి (ఆదోని):
తమ్ముడూ, మా నాయన యార్డుకు వేరుశనగ తీసుకుపోతే కొనేవాడు గుప్పెడు కాయలు తీసి, పగలగొట్టి, పప్పు అరచేతిలో వేసుకుని చూస్తాడు. ముడతలు కనిపిస్తే అక్కడికక్కడే రేటు దిగుతుంది. ఇక్కడా అంతే. ఆటగాడు తొడకు పట్టీ కట్టుకుని ప్రాక్టీసుకు వచ్చాడంటే, చూసినవాడు అమ్మేస్తాడు, ధర పడిపోతుంది. కాకపోతే పదిమంది కొనేవాళ్లుంటేనే అది రేటు. చిన్న టోర్నీలో ఇద్దరే బేరమాడుకుంటే అది ఆ ఇద్దరి అభిప్రాయమే. అలాంటివి వేరే పేజీలో రాసుకో.

లెక్కల సార్ (కడప):
బాబూ, 22లో 75 శాతం ఎంత? పదహారున్నర. నీకు వచ్చింది 16. నువ్వు తప్పులనుకుంటున్న ఆ ఆరు ఓటములు ఉండబట్టే లెక్క కుదిరింది. 22కు 22 గెలిచి ఉంటే అప్పుడు ధర మీద అనుమానపడాలి.

బ్రయర్ స్కోరు వేసి చూడు, అంటే చెప్పిన అవకాశానికీ జరిగినదానికీ (గెలుపు 1, ఓటమి 0) ఉన్న తేడాల వర్గాల సగటు. గెలిచిన మ్యాచ్‌కు 0.25 వర్గం, అంటే 0.0625. ఓడినదానికి 0.75 వర్గం, 0.5625. అన్నీ కూడి 22తో భాగిస్తే దాదాపు 0.20. ఏమీ తెలియక ప్రతిదానికీ 50 అని రాసేవాడికి 0.25 వస్తుంది. తక్కువ వస్తేనే మంచిది. అయితే 22 చాలా తక్కువ, రెండు వందలైనా రాయి.

2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ గుర్తుందా? మెద్వెదెవ్ మీద నాదల్ రెండు సెట్లు పోగొట్టుకుని, మూడో సెట్లో 2-3, 0-40 దగ్గర సర్వ్ చేస్తున్నాడు. అప్పుడు తెర మీద కంప్యూటర్ అంచనా (మార్కెట్ ధర కాదు): నాదల్ గెలిచే అవకాశం 4 శాతం. ఐదు సెట్లలో గెలిచాడు. ఆ రోజు నాకు కళ్లనీళ్లు తిరిగాయి, అయినా ఆ 4 తప్పని నేననను. నూటికి నాలుగు అంటే ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందే.

బేస్‌లైన్ (కర్నూలు):
డబ్బు పెట్టకపోవడమే మంచిది తమ్ముడూ. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తర్వాత డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా నిషేధం. ఒక మాట, ధర ఎప్పుడు రాస్తున్నావు? మొదటి గేమ్ అయ్యాక రాస్తే స్కోరు కూడా అందులో కలిసిపోతుంది.

ఎర్రనేల:
సార్, లెక్క వేశాను, 0.199 వచ్చింది. అన్నా, మూడు మ్యాచ్‌లకు ఆట మొదలయ్యాకే రాసినట్టున్నాను. వాటిని కొట్టేసి మళ్లీ వేస్తాను.