సమస్య: "కొడుకు నమ్మి తల్లి కడుపు నింపె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, ఇచ్చిన పాదంతోనే పద్యం ముగించాలి. కరుణరసం రావాలి, కానీ దుఃఖం, శోకం, కన్నీరు అనే మాటలు పద్యంలో కనిపిస్తే ఒప్పుకోను. పాదంలో ప్రాసయతి ఉంది (కొడు-కడు, యతిస్థానంలో రెండో అక్షరాలు కలిశాయి). విరుపు ఎక్కడో మీకు చెప్పనక్కర్లేదు.

పల్లెటూరివాడు: 'కొడుకున్ అమ్మి' అని విరిచి అమ్మడం జోలికి పోలేదండీ, 'కొడుకు నమ్మి' అని నమ్మడంతోనే సరిపెట్టాను.

కూలి లేదు నేఁడు, కుంపటి లేదన్న
యమ్మ మాట వినుచు నడవి కేఁగి
కట్టె లేరి తెచ్చి కాయకష్టమ్మునే
కొడుకు నమ్మి తల్లి కడుపు నింపె

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. 'వినుచు' మాత్రం కుదర్లేదు, వింటూ వింటూనే అడవికి పోయాడా? "యమ్మ మొగము చూచి యడవి కేఁగి" అనండి, గణాలూ యతీ సరిపోతాయి. పైగా ఆవిడ ఆ మాట అనేశాక పిల్లాడు ఒక్క క్షణం ఆ మొహంకేసి చూశాడని మనకీ తెలుస్తుంది.

కృష్ణాతీరం: నేను అమ్మించేశాను. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన నందన కరువు మనసులో పెట్టుకుని రాశాను.

నందనమ్ము పేరు, నరకమ్ము తీరురా
గాదె గింజ లేదు, గంజి లేదు
చంటిదాని యేడ్పు చావుగా వినిపింప
కొడుకు నమ్మి తల్లి కడుపు నింపె

నిర్వాహకుడు: నందనం ఇంద్రుడి తోట, కరువొచ్చిన ఏడాది పేరూ అదే. మొదటి పాదంలోనే కొట్టారు దెబ్బ, ఇంక ఉపమానాలతో పని లేకపోయింది. అయితే 'వినిపింప' ద్రుతాంతం కదా (చివర నకారం ఉన్న మాట), దాని పక్కన 'కొడుకు' కాస్తా 'గొడుకు' అవ్వాలి, ఇచ్చిన పాదం చెడుతుంది. "చావుకేకని యెంచి" అంటే ఆ గొడవ లేదు.

కొత్త సభ్యురాలు: రాయడం ఇది రెండోసారే, తిట్టకండి.

మట్టి బొమ్మఁ జేసి మైపూఁత రంగద్ది
బుట్ట నెత్తి యెండఁ బురము తిరిగి
నవ్వు చెదరనట్టి నల్లని దేవకి
కొడుకు నమ్మి తల్లి కడుపు నింపె

పల్లెటూరివాడు: అమ్మ బాబోయ్, దేవకి కొడుకు! నాకు తట్టలేదే.

కృష్ణాతీరం: విరుపు అదిరింది, కాదనను. కానీ బిడ్డను అమ్మలేదులే, బొమ్మనే అమ్మింది అనగానే చదివేవాడు హమ్మయ్య అనుకుని వెళ్ళిపోతాడు. మీ ఇద్దరి పూరణల్లోనూ నా పేచీ ఇదే. జాషువా 1941 నాటి 'గబ్బిలం'లో మేఘసందేశం పద్ధతినే పట్టుకున్నాడు, మబ్బు బదులు గబ్బిలం. గుడి గడప తొక్కే వీలులేని మనిషి తన మొరను కాశీ విశ్వనాథుడికి చెప్పమని దాన్ని పంపుతాడు, దానికేమో గుడిలో అడ్డే లేదు. అక్కడ చమత్కారం వల్ల నొప్పి పెరుగుతుంది, తప్పిపోదు.

నిర్వాహకుడు: మీ పేచీ న్యాయమే, మొదటి పూరణ విషయంలో ఒప్పుకుంటాను. ఈవిడ మూడో పాదం మాత్రం ఇంకోసారి చదవండి. ఎండలో తిరిగింది తల్లి, చెదరని నవ్వేమో బొమ్మది. తల్లి మొహం ఎలా ఉందో ఒక్క అక్షరం కూడా లేదు, అది మనమే ఊహించుకుంటాం. నాకు నచ్చనిది 'మైపూఁత' ఒక్కటే, యతి కోసం అతికించినట్టుంది.

కొత్త సభ్యురాలు: దొరికిపోయాను మాస్టారూ, యతి కోసమే. "మట్టి బొమ్మఁ జేసి మఱి మఱి రంగద్ది" అంటే?

నిర్వాహకుడు: ఇప్పుడు ఆవిడ చెయ్యి కనబడింది. అలాగే ఉంచండి.