సిరొంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) రాతి మొద్దులు, రాకాసి బొక్కలు ఈడనే ఉంచాల్నా, పట్నం పంపాల్నా?

ప్రాణహిత_గట్టు:
మొన్న చుట్టాలొస్తే మన తాలూకాల వడధం ఫాసిల్ (శిలాజాల) పార్క్‌కు తీస్కపోయిన. మా మరదలు చెట్టు మొద్దనుకొని చెయ్యేసింది, చూస్తే సల్లటి బండ, కని బెరడు గీతలు అట్లనే ఉన్నయ్. మట్టిల కూరుకపోయిన కట్టెల, నీళ్లల్ల ఉండే సిలికా (ఇసుకల ఉండే ఖనిజం) సందుసందుకు చేరి గట్ల రాయైతది. మా తాత అయితే ఈ పక్క దొరికే పెద్ద డైనోసార్ బొక్కల్ని రాకాసి బొక్కలనేటోడు. ఇవన్ని పెద్ద మ్యూజియంకు పంపాలని మా గ్రూపుల ఒకాయన అంటుండు. నేనైతే ఒప్పుకోను. మీరేమంటరు?

బల్లార్షా_అన్న:
పంపాలనే నేనంట, కోపం జేస్కోకు తమ్మీ. మొద్దు ఆగుతది గని బొక్క ఎండకు వానకు పగిలి పొడైతది. బారాపాసారస్ టాగోరీ అనే డైనోసార్ మన గోదావరి లోయల పోచంపల్లి (చీరల పోచంపల్లి కాదు) కాడ తవ్విందే, 300 దాక బొక్కలు, ఆరు జంతువులయి కలిసినయ్. కోల్‌కతా ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు తీస్కపోయి నిలబెట్టిండ్రు గాబట్టే ఇయ్యాల ఉంది.

ప్రాణహిత_గట్టు:
నిలబెట్టిండ్రు, కాదన్న, కని అన్నా దాని పేర్ల బారా పా అంటే బెంగాలీల పెద్ద కాలు, వెనకది టాగూర్ పేరు, మన ఊరు యాడుంది? ఇంకో డైనోసార్ కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ నయం, 1988ల పేరు పెట్టిండ్రు, కోట అంటే మన తాలూకాల ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరే, అయినా దాన్ని చూడాలంటే హైదరాబాద్ బిర్లా మ్యూజియంకు పోవాలె. మన పోరగాండ్లు జిల్లా ఆఫీసుకు పోవాలంటెనే 200 కిలోమీటర్లు, వాళ్లెప్పుడు చూడాలె?

అహేరి_సైన్స్_టీచర్:
ఇద్దరూ ఒక్కటి మర్చిపోతుండ్రు. బొక్క ఏ పొరల, ఎట్ల పడి ఉందో రాయకుండ లేపినమంటే అది ఉత్త రాయే, ఆడున్నా ఈడున్నా ఒక్కటే. తవ్వేటోళ్లు చెయ్యి విరిగితే కట్టినట్టు దానికి గోనెగుడ్డ, ప్లాస్టర్ చుట్టి, నంబరేసి లేపుతరు. నాజూకు బొక్క ల్యాబుకు పోనీ, అచ్చు పోసిన నకలు మనకియ్యాలె, పక్కన తెలుగుల గూడ రాయాలె.

బల్లార్షా_అన్న:
గట్లయితే నాకు సమ్మతే. కని మంచి కప్పు, కాపలా మనిషి, రిజిస్టర్ ముందు కావాలె.

ప్రాణహిత_గట్టు:
నకలుతోని నా మనసు నిండదు సార్, అసలుది మళ్లొస్తదని కాగితం మీద రాసియ్యాలె. రిజిస్టర్ మాట మాత్రం నిజం. మా ఇంట్ల తులసి గద్దె కాడ ఒక రాతి మొద్దు ముక్క ఉంది, చిన్నప్పటి సంది దాని మీదనే కూసుంటున్నం. ఏ వాగుల దొరికిందో నాయినకే ఎరుక, ఇయ్యాల రాత్రే అడిగి రాస్కుంట.