అమెరికా సైనికుల పిల్లలకు వీసా: ఫిలిప్పీన్స్‌ను ఎందుకు వదిలేశారు?

మాధవి_డాలస్: 1982 నాటి అమెరికా చట్టం కొరియా, వియత్నాం, లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్‌లలో అమెరికన్లకు పుట్టిన పిల్లలకు వలసలో ప్రాధాన్యం ఇచ్చింది. అందులో ఫిలిప్పీన్స్ లేదు. అక్కడి అమెరికా సైనిక స్థావరాలు క్లార్క్, సుబిక్ బే 1992 కల్లా ఖాళీ అయ్యాయి. వాటి పక్కనున్న ఏంజెలెస్, ఒలొంగాపో ఊళ్లలో పిల్లలు తండ్రి లేకుండా మిగిలిపోయారు. ఇది పచ్చి వివక్ష.

రాఘవ_ఎన్‌జే: ఆ చట్టం యుద్ధంలో నలిగినవాళ్ల కోసమండీ. ఫిలిప్పీన్స్‌లో అప్పుడు యుద్ధం లేదు.

మాధవి_డాలస్: థాయ్‌లాండ్‌లో ఉందా? అక్కడా ఉన్నవి స్థావరాలే.

రాఘవ_ఎన్‌జే: వియత్నాం మీద బాంబులు వేసిన విమానాలు అక్కడి నుంచే లేచాయి.

మాధవి_డాలస్: ఆ యుద్ధంలో తిరిగిన నౌకలకు మరమ్మతులు జరిగింది సుబిక్‌లోనే.

కిరణ్77: కొరియాలో పోరు 1953లో ఆగింది. చట్టం 1982 అక్టోబరు దాకా పుట్టినవాళ్లకు వర్తించింది. యుద్ధం వాదన నిలవదు సార్.

రాఘవ_ఎన్‌జే: సరే, మోసాల మాటేంటి? 1987లో వియత్నాం పిల్లల కోసం ఇంకో చట్టం తెచ్చారు. తండ్రి కాగితాలు లేకపోతే మొహంలో అమెరికన్ పోలికలు చూసి నిర్ణయించారు. డబ్బిచ్చి ఆ పిల్లల్ని పట్టుకుని, మేమే కుటుంబం అని విమానం ఎక్కినవాళ్లున్నారు.

మాధవి_డాలస్: 1982 చట్టంలో తల్లికి వీసా లేదు. బిడ్డను శాశ్వతంగా వదులుకుంటున్నానని సంతకం పెట్టాలి. ఆ తల్లి గోడు మీకు పట్టదు, మోసం ఒక్కటే కనిపించింది.

రాఘవ_ఎన్‌జే: నా గోడు ఎవరికి పట్టింది? మావాడు నాలుగేళ్లప్పుడు ఇక్కడికొచ్చాడు. చదువంతా ఇక్కడే. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితితో మా గ్రీన్‌కార్డు కదల్లేదు. 21 నిండాయని వాణ్ణి నా దరఖాస్తులోంచి తీసేశారు. ఏళ్ల తరబడి పన్నులు కట్టాం. మీరేమో ఫిలిప్పీన్స్‌లో ఇప్పుడు ముప్పై దాటినవాళ్లను ముందు వరసలో పెట్టమంటున్నారు!

సుజాత: గొంతు తగ్గించండి ఇద్దరూ.

మాధవి_డాలస్: మీ అబ్బాయికి జరిగింది అన్యాయమే. అది చేసింది ఒలొంగాపో పిల్లలు కాదు కదా.

రాఘవ_ఎన్‌జే: నేనడిగేది ఒక్కటే. ఇక్కడే పెరిగినవాడి కంటే, ఈ నేల మీద కాలు పెట్టనివాడికి హక్కు ఎక్కువా?

మాధవి_డాలస్: ఎక్కువే. అతని తండ్రి ఈ దేశ పౌరుడు, ఈ దేశం యూనిఫాం వేసి పంపిన మనిషి. ఆ బాధ్యత ప్రభుత్వానిదే.

రాఘవ_ఎన్‌జే: బాధ్యత కన్నవాడిది. పౌరసత్వం పెరిగిన చోటును బట్టి రావాలి, రక్తాన్ని బట్టి కాదు. ఇక్కడ మాత్రం నేను తగ్గను.