ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టడం మానిపించాలా, వద్దా?

అడిగినవారు – విజయవాడ అమ్మ
మా పాపకి రెండేళ్లు. ఫోన్‌లో రైమ్స్ పెడితే తప్ప ముద్ద మింగదు. డాక్టర్ గారు పూర్తిగా మానిపించమన్నారు. మా అత్తగారేమో "ముందు కడుపు నిండనీ అమ్మా, పెద్దయ్యాక అదే మానేస్తుంది" అంటారు. ఎవరి మాట వినాలి?

కూకట్‌పల్లి నాన్న
అంత టెన్షన్ వద్దండి. ఇద్దరం ఉద్యోగస్థులం. వంటయ్యేదాకా మావాడికి, నాలుగేళ్లు, అరగంట ఫోన్ ఇస్తాం. రంగుల పేర్లన్నీ అందులోనే నేర్చుకున్నాడు.

రాజమండ్రి పిన్ని
డాక్టర్ గారి మాటే వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది: రెండేళ్లు నిండని పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. మీ పాపకి ఆ గంట ఉందనుకున్నా, అది అన్నం దగ్గర మాత్రం వద్దు.

వీడియో చూస్తూ తినే పిల్లని ఒక్కసారి గమనించండి. నోరు తెరుస్తుంది, ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. నమలడం మీదే ధ్యాస ఉండదు. కడుపు నిండిన సంగతి కూడా తెలియదు. గిన్నె ఖాళీ అయిందని మనకి తృప్తి, అంతే. భోజనానికి ముందు పాలు, బిస్కెట్లు ఆపేయండి, ఆకలి వేయనివ్వండి. దాని కంచం దానికి పెట్టి, కలుపుకుని, ఒలకబోసుకుని తిననివ్వండి. మొదట్లో ఏడుస్తుంది. ఆ ఏడుపుకి ఇంట్లో ఎవరూ ఫోన్ తీయకూడదు, అత్తగారితో సహా. ఆవిడకి నెమ్మదిగా చెప్పాల్సింది మీ ఆయన, మీరు కాదు.

డాలస్ నుంచి
మరి అమ్మమ్మతో వీడియో కాల్ కూడా లెక్కలోకి వస్తుందా? మా బాబుకి ఏడాదిన్నర కూడా నిండలేదు.

రాజమండ్రి పిన్ని
రాదండి. మీ అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా 18 నెలల్లోపు వాళ్లకి వీడియో కాల్ ఒక్కదానికే మినహాయింపు ఇచ్చింది. అమ్మమ్మ బాబుని చూసి నవ్వుతుంది, పిలిస్తే పలుకుతుంది. రైమ్స్ వీడియో పలకదు కదా.

కూకట్‌పల్లి నాన్న
తినేటప్పుడు వద్దంటే ఒప్పుకుంటాను. వంట టైమ్‌లో అరగంట తీసేయడం మాత్రం మావల్ల కాదు.

రాజమండ్రి పిన్ని
నాలుగేళ్లవాడికి అరగంట ఫర్వాలేదండి. ఆటోప్లే మాత్రం ఆపేయండి. ఏం చూస్తున్నాడో వంటింట్లోకి వినిపించేలా దగ్గర్లోనే కూర్చోబెట్టండి.