ఇంట్లో గేమ్ స్ట్రీమింగ్‌కి పవర్‌లైన్ అడాప్టరా, వైఫైనా?

గోదారిగట్టు_గేమర్

మాది రాజమండ్రిలో సొంత ఇల్లు, కిందా పైనా రెండు పోర్షన్లు. ఫైబర్ బాక్సు, రౌటర్ కింద హాల్లో టీవీ పక్కనే ఉన్నాయి. గేమింగ్ పీసీ పైన నా గదిలో ఉంది. పీసీలో ఆటని పంపే సన్‌షైన్ యాప్, టీవీకి తగిలించిన ఆండ్రాయిడ్ బాక్సులో దాన్ని అందుకునే మూన్‌లైట్ యాప్ వేసుకుని, పైన నడిచే గేమ్‌ని కింద పెద్ద టీవీలో ఆడుతున్నాను. పీసీ, బాక్సు రెండూ వైఫై మీదే. కాసేపు బాగానే ఉంటుంది. ఉన్నట్టుండి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది, రేసింగ్ గేమ్‌లో సరిగ్గా మలుపు దగ్గర ఆగిపోతుంది. స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం పై గదిలో 150 ఎంబీపీఎస్ చూపిస్తుంది.

గోడకి డ్రిల్లింగ్ అంటే నాన్న ససేమిరా అంటున్నారు. ఆన్‌లైన్‌లో ‘2000’ అని రాసి ఉన్న పవర్‌లైన్ అడాప్టర్ల జత ఒకటి చూశాను. ఒకటి కింద, ఒకటి పైన ప్లగ్‌లో పెడితే కరెంటు తీగల్లోంచే నెట్ వెళ్తుందట. అది కొనాలా, ఆ డబ్బుకి మంచి రౌటర్ కొనాలా? వాడినవాళ్లు చెప్పండి.

లెస్టర్_తెలుగు

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. మా వీధిలోవన్నీ పాతకాలపు ఇటుక ఇళ్లు. పైన పడకగదికి వైఫై నీరసంగా వచ్చేది. పవర్‌లైన్ పెట్టాక ఆ గొడవే లేదు. అడాప్టర్ మీద 1000 అని ఉంటుంది, నిజంగా అందేది అందులో ఏడో ఎనిమిదో వంతు. అయినా గేమ్ స్ట్రీమింగ్‌కి అది చాలు, 1080పీ ఆటకి 20 ఎంబీపీఎస్ మించి అక్కర్లేదు కదా. పక్కింటివాళ్ల వైఫై పెరిగినా తగ్గినా నాకు సంబంధం లేదు. కొనెయ్ తమ్ముడూ.

ప్యాకెట్_లాస్

ఎంత వేగం వస్తోందన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. లెక్క చూడండి. 20 ఎంబీపీఎస్, సెకనుకి 60 ఫ్రేములు. అంటే ఒక్కో ఫ్రేముకి సుమారు 41 కిలోబైట్లు. అది దాదాపు 30 ప్యాకెట్లుగా, అంటే చిన్న డేటా ముక్కలుగా, ఒక్క గుంపుగా బయల్దేరుతుంది. తర్వాతి ఫ్రేము వచ్చేలోపు మనకున్న సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆ 30లో కొన్ని దారిలో ఆగి 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చాయనుకోండి, సగటు వేగం తగ్గదు, స్పీడ్ టెస్ట్‌కి తెలియనే తెలియదు. మీ కంటికి మాత్రం రెండు మూడు ఫ్రేములు ఎగిరిపోతాయి. మూన్‌లైట్ కొన్ని అదనపు ప్యాకెట్లు ముందే పంపి పోయినవాటిని సరిచేసుకుంటుంది కానీ, ఒకేసారి ఎక్కువ పోతే అదీ ఏం చేయలేదు. సినిమా అయితే ముందే కొంత దించుకుని దాచుకుంటుంది. ఆటకి ఆ వీలు లేదు, మీరు బటన్ నొక్కాకే ఆ ఫ్రేము పుడుతుంది.

కాబట్టి ‘150 వస్తోంది’, ‘2000 అని రాశారు’ అనే మాటలు పక్కన పెడదాం. మూన్‌లైట్‌లో స్టాట్స్ ఆన్ చేసి, నెట్‌వర్క్ వల్ల పోయిన ఫ్రేములు ఎంత శాతమో చెప్పండి.

ఇంకో సంగతి. మీ పీసీ వైఫైలోనే, టీవీ బాక్సూ వైఫైలోనే ఉన్నాయి. అంటే ప్రతి ప్యాకెట్ గాల్లో రెండుసార్లు ప్రయాణిస్తోంది, పీసీ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి బాక్సుకి ఇంకోసారి. ఒకే ఛానెల్‌లో ఒకళ్లు మాట్లాడుతుంటే ఇంకొకళ్లు ఆగాల్సిందే. టీవీ పక్కనే రౌటర్ ఉందంటున్నారు, ముందు ఆ బాక్సుకి మూరెడు ల్యాన్ వైరు పెట్టండి. బాక్సుకో టీవీకో ఉన్న ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే కావచ్చు, ఈ పనికి అది ఎక్కువే.

ఫేజ్_న్యూట్రల్

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, కొంచెం వివరంగా రాస్తాను. విజయవాడలో ఇళ్లకి వైరింగ్ చేయడం నా వృత్తి.

లెస్టర్ గారు చెప్పింది వాళ్ల ఇంటికి నిజమే. అక్కడ మామూలు ఇళ్లకి సింగిల్ ఫేజే వస్తుంది. సాధారణంగా కింద సాకెట్లన్నీ ఒక రింగు (వలయంగా తిప్పిన తీగ), పైన సాకెట్లన్నీ ఇంకో రింగు, రెండూ ఒకే బోర్డులో కలుస్తాయి. ఎర్త్ ప్రతి సాకెట్‌కీ కచ్చితంగా ఉంటుంది. మన రెండంతస్తుల ఇళ్లలో ఏసీలు పెరిగాక త్రీ ఫేజ్ మీటరు సాధారణమైపోయింది. కింద హాలు ఒక ఫేజు మీద, పైన గదులు ఇంకో ఫేజు మీద వేస్తాం, లోడు సమంగా పంచాలి కాబట్టి. అడాప్టర్ ఒకటి ఆర్ ఫేజులో, ఇంకొకటి వై ఫేజులో పడితే వాటి ఫేజు తీగలు నేరుగా కలవవు. మీటరు బోర్డు దగ్గర తీగలు పక్కపక్కన ఉండటం వల్ల కొంత సిగ్నల్ దూకుతుంది, అంతే. లైటు పచ్చగా వెలుగుతుంది, ఆట మాత్రం సాగదు.

రెండోది ఎర్తింగ్. ‘2000’ అని రాసుకునే అడాప్టర్లు ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్త్ తీగని కూడా వాడుకుని రెండు దారుల్లో పంపుతాయి. పాత ఇళ్లలో 5 ఆంప్స్ ప్లగ్ పాయింట్ విప్పి చూస్తే మూడో రంధ్రం వెనక తీగే ఉండదు చాలాచోట్ల. అప్పుడు ఆ రెండో దారి పోయినట్టే. అసలు ఎర్త్ లేని సాకెట్‌లో పీసీ నడపడమే తప్పు, అది వేరే సంగతి.

మూడోది ఇన్వర్టర్. హాల్లో టీవీ, రౌటర్ ఉన్న బోర్డు సాధారణంగా ఇన్వర్టర్ లైను మీద ఉంటుంది. పైన పీసీ 16 ఆంప్స్ పవర్ ప్లగ్‌కి, ఇన్వర్టర్‌తో పనిలేని రా కరెంటు మీద ఉంటుంది. ఆ రెంటి మధ్య సిగ్నల్ ఇన్వర్టర్‌లోంచి రావాలి. కరెంటు ఉన్నప్పుడే బలహీనపడుతుంది. కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు.

స్పైక్ గార్డ్‌కి తగిలిస్తే సిగ్నల్ అక్కడే చచ్చిపోవచ్చు, ఎందుకంటే కొన్నిటిలో ఆ పౌనఃపున్యాలని ఆపే ఫిల్టర్ ఉంటుంది. అడాప్టర్ గోడ సాకెట్‌లోనే ఉండాలి. మన స్విచ్ బోర్డులో ఆ లావు డబ్బా పక్కన ఇంకో ప్లగ్ పట్టదు, అది చూసి ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చేస్తారు జనం.

లెస్టర్_తెలుగు

ఫేజ్ గారూ, మీరు చెప్పినవి ఒప్పుకుంటాను. కానీ ప్రతి ఇల్లూ త్రీ ఫేజ్ కాదు కదా. హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఫ్లాట్లలో చాలావాటికి సింగిల్ ఫేజే. అక్కడ కాంక్రీటు గోడలు అడ్డొచ్చి 5 గిగాహెర్ట్జ్ చివరి గదికి చేరదు. అద్దె ఇంట్లో గోడ పగలగొట్టనివ్వరు. అప్పుడు పవర్‌లైన్ కాకపోతే ఇంకేం ఉంది? మధ్యలో ఇంకో డబ్బా పెట్టి సిగ్నల్‌ని ముందుకు పంపే వైఫై మెష్ పెట్టుకోమంటారు, అదీ గాల్లోనే ఇంకో మజిలీ. చౌక రకాల్లో మధ్య డబ్బా వినడానికీ, మళ్లీ పంపడానికీ ఒకే రేడియో వాడుతుంది కాబట్టి వేగం సగమవుతుంది, ఆలస్యం పెరుగుతుంది. పవర్‌లైన్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి.

పైగా పవర్‌లైన్ అడాప్టర్లలో ఇప్పుడు జీ.హెచ్‌ఎన్ అనే ప్రమాణంతో వచ్చేవి పాత హోమ్‌ప్లగ్ ప్రమాణం వాటికన్నా నయంగా ఉన్నాయి. పాతవాటితో పడ్డ బాధని అన్నిటికీ అంటగట్టడం న్యాయం కాదు.

మిర్చిబజ్జి_ప్లేయర్

మా ఫ్లాట్‌లో పవర్‌లైన్ మీద పొద్దునంతా వెన్నలా నడుస్తుంది. అమ్మ వంటింట్లో మిక్సీ వేసిందంటే చాలు, పచ్చడి అయ్యేదాకా బొమ్మ ఆగిపోతుంది. ఇండక్షన్ స్టవ్ పెడితే అంత కాదు గానీ తేడా తెలుస్తుంది. మిక్సీ ఆపిన రెండు మూడు సెకన్లకి మళ్లీ మామూలే.

ప్యాకెట్_లాస్

మిర్చిబజ్జి చెప్పిన మిక్సీ సంగతి చాలా ముఖ్యం. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్షులు తిరుగుతూ నిప్పురవ్వలు కొడతాయి. ఆ రవ్వలు పవర్‌లైన్ వాడే 2 నుంచి 86 మెగాహెర్ట్జ్ మధ్య అంతా రొద నింపుతాయి. చౌక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు ఎప్పుడూ కొద్దికొద్దిగా చేస్తూనే ఉంటాయి. మన 50 హెర్ట్జ్ కరెంటులో రెగ్యులేటర్ రొద ప్రతి 10 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. అడాప్టర్లు ఆ లయని పట్టుకుని దానికి తగ్గట్టు సర్దుకోగలవు. మిక్సీ రొదకి లయ లేదు. అందుకే సగటు బాగుంటుంది, అవసరమైన క్షణంలో చేతులెత్తేస్తుంది.

లెస్టర్ గారి మాట నేను కొట్టిపారేయడం లేదు. చివరి గదికి 5 గిగాహెర్ట్జ్ అసలు చేరని ఇంట్లో, సింగిల్ ఫేజ్ అయితే, పవర్‌లైన్ ఒక్కసారి పెట్టి చూడాల్సిందే. వాపసు తీసుకునే చోట కొని, సాయంత్రం 7 నుంచి 9 మధ్య పరీక్షించాలి. వంట, టీవీలు, మోటార్లు, పక్క ఫ్లాట్లు అన్నీ ఆ వేళలోనే నడుస్తాయి. మధ్యాహ్నం చేసిన పరీక్ష చెల్లదు.

అపార్ట్‌మెంట్‌లో పెట్టేవాళ్లు అడాప్టర్ల జతకి సొంత తాళం పెట్టే పెయిర్ బటన్ నొక్కడం మర్చిపోవద్దు. హోమ్‌ప్లగ్ రకాలు ఫ్యాక్టరీ నుంచి అన్నీ ఒకే తాళంతో వస్తాయి. సిగ్నల్ మీటరు దగ్గర పూర్తిగా ఆగదు. పక్కింట్లో అలాంటిదే ఉంటే రెండిళ్ల నెట్‌వర్కులూ కలిసిపోవచ్చు.

ఇక వైఫైని ఎందుకు సమర్థిస్తున్నానంటే, దాన్ని బాగుచేసే మార్గాలు మన చేతిలో ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానెళ్లు 1, 6, 11 మూడే. అపార్ట్‌మెంట్‌లో పాతిక రౌటర్లు వాటి మీదే పడతాయి. దాన్ని గేమింగ్‌కి వదిలేయాలి. 5 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 2018 నుంచి 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవచ్చు. ఖాళీ ఛానెల్ దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. రౌటర్‌లో 2.4కీ 5కీ రెండు వైఫై పేర్లు విడిగా పెట్టుకుని పీసీని 5 మీదే కట్టేయండి. ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. వైఫై కార్డు చుట్టుపక్కల నెట్‌వర్కుల కోసం మధ్యమధ్య వెతుకుతుంది, ఆ వెతికేటప్పుడు ఆట తడబడుతుంది. మ్యాక్‌బుక్‌లో ఎయిర్‌డ్రాప్ కూడా ఇదే పని చేస్తుంది, ఆడేటప్పుడు ఆపేయండి. వైఫై అయితే ఎందుకు తడబడుతోందో కనిపిస్తుంది, సరిచేయగలం. గోడ లోపలి తీగలని ఎవరు సరిచేస్తారు?

గోదారిగట్టు_గేమర్

బాక్సుకి ల్యాన్ వైరు పెట్టాను. నెట్‌వర్క్ వల్ల పోయే ఫ్రేములు 4 శాతం ఉండేవి, 1 శాతం దగ్గరికి వచ్చాయి. బొమ్మ విడిపోవడం బాగా తగ్గింది. ఇంత చిన్నదానికి ఇంత తేడా వస్తుందనుకోలేదు. మాది త్రీ ఫేజ్ మీటరే, పైన గదులు వేరే ఫేజు మీదే ఉన్నాయని నాన్న చెప్పారు. కాబట్టి అడాప్టర్ ఆలోచన ఆపేశాను. మిగిలిన ఆ 1 శాతం పోవాలంటే ఏం చేయాలి? పీసీ గదికి, హాల్‌కి మధ్య శ్లాబు ఒకటి, 9 అంగుళాల గోడ ఒకటి ఉన్నాయి.

ఫేజ్_న్యూట్రల్

పీసీకి వైరు వేయండి బాబూ. ఈ చర్చలో ఎవరూ గట్టిగా అనలేదు, నేను అంటున్నాను. వైఫై, పవర్‌లైన్ రెండూ వైరు వేయలేనప్పటి సంగతులు. మీది సొంత ఇల్లు. డ్రిల్లింగ్ అక్కర్లేదు, ఉన్న దారులు వెతకండి. ఇదివరకు కేబుల్ టీవీ ఉండేదా? ఆ వైరు కిందకీ పైకీ వచ్చిన కన్నాలు ఉంటాయి. డిష్ గొడుగు నుంచి దిగిన వైరు కన్నమైనా సరే. కొత్త ఇళ్లలో టీవీ, టెలిఫోన్ కోసం కరెంటు పైపులకి వేరుగా ఒక పైపు వేస్తాం. చాలా ఇళ్లలో అది ఖాళీగా పడి ఉంటుంది. పాత కేబుల్ టీవీ (కోయాక్సియల్) వైరు అందులోనే ఉంటే దాని కొసకి క్యాట్6 ల్యాన్ వైరు గట్టిగా కట్టి, టేపు చుట్టి, అవతల నుంచి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మలుపు దగ్గర పట్టేస్తే బలవంతంగా గుంజొద్దు, కొంచెం వెనక్కి వదిలి మళ్లీ లాగండి. కొసకి ప్లగ్ ముందే బిగిస్తే పైపులో పట్టదు, లాగాక బిగించుకోవాలి. కరెంటు తీగలున్న పైపులో మాత్రం ల్యాన్ వైరు పెట్టొద్దు, అది ప్రమాదం.

గోదారిగట్టు_గేమర్

కేబుల్ టీవీ వైరు ఉంది అండీ, ఇంటి బయట నుంచి సన్‌షేడ్ మీదుగా వస్తుంది. ఆ దారిలో వేయొచ్చా?

లెస్టర్_తెలుగు

ఉరుములూ మెరుపులూ ఉన్న ఊళ్లో బయట నుంచి రాగి తీగ అంటే నాకు భయమే. దగ్గర్లో పిడుగు పడితే పీసీ, రౌటర్ రెండూ పోతాయి. ఇదొక్క చోట పవర్‌లైన్ నయం.

ఫేజ్_న్యూట్రల్

పిడుగు పడితే కరెంటు తీగల్లోంచి కూడా సర్జ్ వస్తుంది లెస్టర్ గారూ, అడాప్టర్ ఆ తీగకే కదా తగిలి ఉంది. అయినా మీ భయం సబబే. గోదారిగట్టు గారూ, బయట దారే అయితే రాగి వద్దు. ఫైబర్ వేయండి. గాజుపోగులో కరెంటు పారదు, లోపల ఉక్కు తీగ లేని సన్న కేబుల్ అడగండి. రెండు కొసల్లో ఫైబర్‌ని ల్యాన్ వైరుకి మార్చే మీడియా కన్వర్టర్లు రెండు, గిగాబిట్‌వి. మీ ఊరి కేబుల్ ఆపరేటర్ దగ్గర కొసలు అతికే మిషన్ ఉంటుంది, కుర్రాడొచ్చి కాసేపట్లో చేసి వెళ్తాడు. సన్‌షేడ్ మూలల దగ్గర కేబుల్‌ని మడత పడనివ్వకుండా గుండ్రంగా తిప్పమనండి. కింద కన్వర్టర్‌ని రౌటర్‌తో పాటు ఇన్వర్టర్ లైను మీదే పెట్టుకోండి.