నెట్, ఫోను, డిష్ మూడింటికీ ఒకే కేబుల్ టెస్టర్ కొనాలా, రెండొందలది చాలా?

తుంగభద్ర ఒడ్డు · కర్నూలు · శనివారం రాత్రి 8:10

24 గదుల లాడ్జి పని. గదికి నెట్‌కు ఒక క్యాట్ 6, ఒక ఫోను జత, డిష్‌కు ఒక ఆర్‌జీ 6. పైపుల్లో తీగలు లాగింది వేరే వాళ్ళు. నంబర్లు సగం చెరిగిపోయినాయి. జాక్‌లు వేసి, ఏది ఏ గదిదో తేల్చి అప్పజెప్పేది నా పని. రెండొందల ఎనిమిది దీపాల టెస్టరు, మామూలు మల్టీమీటరు ఉన్నాయి. తెర ఉండి నెట్‌కు ఆర్‌జే 45, ఫోనుకు ఆర్‌జే 11, డిష్‌కు ఎఫ్ కనెక్టరు మూడూ ఉండేది ఐదారు వేలకు వస్తాంది, పొడవు కూడా చూపిస్తుందంట. కొనాలా, వద్దా?

క్రోన్‌పంచ్ · అనంతపురం · 8:31

వద్దు. ఆ డబ్బుతో మంచి క్రింపింగ్ టూలు, అసలైన రాగి జాక్‌లు కొను.

దీపాలు 1 నుంచి 8 దాకా రెండు పక్కలా వరసగా వెలిగితే లైను సరిగా ఉన్నట్టే. యూటీపీలో, అంటే లోహపు తొడుగు లేని జతల తీగలో, జీ దీపం (ఆ తొడుగుది) వెలగదు, దానికి భయపడొద్దు. ఫోనుకు మల్టీమీటరు చాలు. గదిలో జతను షార్ట్ చేసి క్రోన్ మాడ్యూల్ (గదుల ఫోను జతలన్నీ వచ్చి దిగే పట్టీ) దగ్గర ఓములు చూడు. మాడ్యూల్ పది జతలది, కాబట్టి 24 గదులకు మూడు పడతాయి. చూసే ముందు డిస్కనెక్షన్ ప్లగ్గు దోపి ఈపీఏబీఎక్స్ (లాడ్జి లోపలి ఫోను ఎక్స్‌ఛేంజి) పక్కను విడదీయి, లేకుంటే ఎక్స్‌ఛేంజి కార్డు గుండా రీడింగ్ వచ్చి మోసపోతావు.

డిష్ కేబుల్ కూడా అంతే. ఒక కొస ఖాళీగా వదిలి రెండో కొసలో నడి తీగకూ చుట్టూ ఉండే లోహపు జాలీకీ మధ్య చూస్తే ఏమీ రాకూడదు. వచ్చిందంటే పదింట తొమ్మిది సార్లు ఎఫ్ కనెక్టర్ లోపల జాలీ పీచు ఒకటి నడి తీగకు తగిలి ఉంటాది. కోసి మళ్ళీ వెయ్యి.

గడియారస్తంభం · అనంతపురం · 8:36

ఇంకా రాగేందప్పా, ఇప్పుడంతా ఫైబరే. ఫైబర్లో వెలుగు కొలిచే పవర్ మీటరు కొనుక్కో.

వైర్‌మ్యాప్ · కడప · 9:02

గడియారస్తంభం, ఫైబర్ లాడ్జి గుమ్మం దాకా వస్తాది. గదిలోకి పోయేది రాగే.

క్రోన్‌పంచ్ అన్న చెప్పిన మొదటి మాటే తప్పు. దీపాలు వరసగా వెలిగితే లైను బాగున్నట్టు కాదు, పిన్నుకు పిన్ను తగిలినట్టు, అంతే. నెట్‌వర్కుకు కావాల్సింది జతలు: 1-2, 3-6, 4-5, 7-8. ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా చేసే తప్పేందంటే రంగు జతలు వరసగా దోపేస్తారు: నారింజ జత 1-2లో, ఆకుపచ్చ జత 3-4లో, నీలం జత 5-6లో. రెండు కొసల్లోనూ అదే తప్పు ఉంటే ఎనిమిది దీపాలూ చక్కగా వెలుగుతాయి. కానీ 3లో తెల్ల-ఆకుపచ్చ, 6లో నీలం. సిగ్నలు పోయే రెండు తీగలూ ఒకదానితో ఒకటి మెలి పడినవి కావు, పక్క జత మోత అంతా వీటి మీద పడతాది. ఇదే స్ప్లిట్ పెయిర్. పది మీటర్లలో తెలియకపోవచ్చు. నలభై, యాభై మీటర్ల లైన్లో లింకు దీపం వెలుగుతాది, ప్యాకెట్లు రాలిపోతాయి, గిగాబిట్టు నిలబడదు. కస్టమర్ రౌటర్ మారుస్తాడు, స్విచ్ మారుస్తాడు, తప్పు గోడలో ఉంటాది.

తెర టెస్టర్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: స్ప్లిట్ పెయిర్ పడుతుందా? పట్టకపోతే ఐదు వేలు పెట్టినా అది దీపాల టెస్టరే.

క్రోన్‌పంచ్ · 9:20

రంగులు చూడను చేతగానోనికి తెర ఎందుకు? జాక్ వెనక కండ్లతో చూస్తే 3-4లో ఆకుపచ్చ జత పడిందని తెలీదా? నేను వేసే కొసలో స్ప్లిట్ పెయిర్ రాదు.

ఇంకోటి. నువ్వు చెప్పే టెస్టర్లలో చాలా వాటికి పొట్టి ప్యాచ్ కార్డులో (రెండు కొసలకూ ప్లగ్గులుండే తీగ) స్ప్లిట్ పెయిర్ దొరకదు, కొలవడానికి కొంత పొడవు కావాలి. దాని పెట్టెలో వచ్చే కాగితమే చెప్తాది. అది కూడా చెప్పు.

వైర్‌మ్యాప్ · 9:41

చెప్తా, నిజమే. ప్యాచ్ కార్డుకు దాన్ని నమ్మొద్దు, ఫ్యాక్టరీది కొనుక్కో.

కానీ కండ్లతో చూడడం గురించి. చౌక కేబుల్లో తెల్ల తీగల మీద రంగు గీత ఉండదు, ఉన్నా గోరుతో గీకితే పోయేంత సన్నం. మెలి విప్పినాక నాలుగు తెల్లవీ ఒకటే. రెండు కొసల్లో తెల్ల-ఆకుపచ్చ, తెల్ల-నీలం తారుమారయినాయంటే దీపాలకూ కనపడదు, కండ్లకూ కనపడదు. జాక్ పీకి, తొడుగు ఇంకో అంగుళం ఒలిచి, మెలి యాడ నుంచి మొదలైందో పట్టుకొని చూడాల. 24 గదులు, రెండేసి కొసలు, 48 సార్లు పీకుతావా?

క్రోన్‌పంచ్ · 9:48

పీకుతా. జాక్ వేసేటప్పుడే జత విప్పకుండా జాక్‌కు అర అంగుళం దూరం దాకా మెలి ఉంచితే ఈ గొడవే రాదు.

తుంగభద్ర ఒడ్డు · 9:55

అన్నా, తీగలు లాగింది నేను కాదు. ఒక పైపులో నడిమి జాయింటు కూడా ఉండొచ్చని మేస్త్రీ అన్నాడు. పొడవు చూపించడం దానికి పనికొస్తుందా?

వైర్‌మ్యాప్ · 10:15

దానికే కొనేది. పొడవు కొలవడంలో రెండు రకాలు. కొన్ని కెపాసిటెన్స్ చూసి లెక్కేస్తాయి, మీటరుకు ఇన్ని పికోఫారడ్లని. యూటీపీకి ఉజ్జాయింపుగా 50. తీగ తెగి ఉంటే ఇది పనికొస్తాది, షార్ట్ అయి ఉంటే కొలవలేదు. రెండోది టీడీఆర్: పల్స్ పంపి అది తిరిగొచ్చే సమయం కొలుస్తాది. తెగినా, షార్ట్ అయినా దూరం చెప్తాది. ఎంత దూరమో సరిగ్గా రావాలంటే కేబుల్ ఎన్‌వీపీ, అంటే ఆ తీగలో పల్స్ వేగం వెలుగు వేగంలో ఎంత శాతమో, పెట్టాల: క్యాట్ 5ఈ, 6కు 69 శాతం దగ్గర, నురుగు ఆర్‌జీ 6కు 82 నుంచి 85, గట్టి పాలిథీన్ ఆర్‌జీ 59కు 66. ఆర్‌జీ 6ను క్యాట్ 6 సెట్టింగులోనే కొలిస్తే 40 మీటర్లది 33 అని చూపిస్తాది. మొదట అదే పెట్టెలో నుంచి టేపుతో కొలిచిన 20 మీటర్ల ముక్క పెట్టి, తెరలో 20 వచ్చేదాకా ఎన్‌వీపీ సవరించుకో.

జత జతకూ మెలి వేరు కాబట్టి నాలుగు పొడవులూ ఒకటి రావు, నాలుగైదు శాతం తేడా ఉంటే కంగారు పడొద్దు. మూడు జతలు 38 చూపించి ఒకటి 17 చూపిస్తే మాత్రం 17వ మీటరు దగ్గర ఉండే జంక్షన్ పెట్టె తెరువు. టెస్టర్ దగ్గరి మొదటి మీటరు రెండు మీటర్లు గుడ్డి జాగా, ఆడ తప్పు ఉంటే నీ సొంత కొసే అనుకో.

క్రోన్‌పంచ్ · 10:24

జాక్ దగ్గర తొడుగు మీద మీటర్ల ముద్ర ఉంటాది. ఈ కొసలో 112, ఆ కొసలో 150, పొడవు 38. రూపాయి ఖర్చు లేదు.

వైర్‌మ్యాప్ · 10:26

ఈ కొసలో 112, ఆ కొసలో 291 ఉంటే? 179 మీటర్ల లైనా, లేక నడుమ రెండు ముక్కలు అతికినారా?

క్రోన్‌పంచ్ · 10:29

అతికినారని తెల్సిపాయ గదా. టెస్టర్ ఎందుకు మల్ల?

నల్లరేగడి · ఆదోని · 10:44

మీరిద్దరూ స్ప్లిట్ పెయిర్ దగ్గరే ఇరుక్కుపోయినారు. ఈ మధ్య ఎక్కువ ముంచేది సీసీఏ, రాగి పూసిన అల్యూమినియం. దీపాలూ వెలుగుతాయి, వైర్‌మ్యాపూ (ఏ పిన్ను ఏ పిన్నుకు పోయిందో చూపేది) బాగుంటాది, పొడవూ సరిగ్గానే వస్తాది. ఆ ఐదారు వేల టెస్టరు కూడా దీన్ని పట్టదు.

మల్టీమీటర్ పట్టిస్తాది. పది మీటర్ల ముక్క కోసి, ఒక జత కొసలు రెండూ మెలేసి కలిపి, అవతల ఓములు చూడు. మొదట మీటర్ ప్రోబులు రెండూ తాకించి వచ్చే 0.2, 0.3 తీసెయ్యి. 24 గేజి రాగి అయితే 1.7 నుంచి 1.9 రావాల, క్యాట్ 6 లో 23 గేజి (కొంచెం లావు తీగ) అయితే ఇంకా తక్కువ. రెండున్నర దాటితే సీసీఏ, లేదా సన్న తీగ. ఏదో తెలుసుకోవాలంటే కత్తితో గీకు, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే.

48 వోల్టుల పీఓఈలో (నెట్ తీగలోనే కరెంటు పంపేది) ఇది ఒక మాదిరి తట్టుకుంటాది. కొంపముంచేది 12 వోల్టులను 4-5, 7-8లో పంపే కెమెరాలు. 40 మీటర్లు, తీగ మీటరుకు 0.135 ఓమ్ అయితే, పోను రెండు తీగలు, రాను రెండు తీగలు కాబట్టి మొత్తం 5.4 ఓములు. రాత్రి చీకట్లో చూసేదానికి ఐఆర్ దీపాలు వెలిగి కెమెరా అర ఆంపియర్ లాగితే 2.7 వోల్టులు దార్లోనే పాయ, కెమెరాకు 9.3 మిగిలె. పగలంతా బాగుండి చీకటి పడంగానే రీబూట్ అయ్యే కెమెరా కథ ఇదే.

క్రోన్‌పంచ్ · 10:50

చూసినారా. మల్టీమీటరే.

బండమిద్దె · కడప · 11:05

డిష్ కేబుల్ గురించి ఒక మాట. టెస్టర్లో ఎఫ్ పోర్టు ఉంటే అది ఏ గదిదో చెప్తాది, తెగిందా షార్టా చెప్తాది. సిగ్నల్ చాలుతుందా లేదా చెప్పదు. ఆర్‌జీ 6లో వంద మీటర్లకు 1 గిగాహెర్ట్జ్ దగ్గర 20 డీబీ దాకా, 2150 మెగాహెర్ట్జ్ దగ్గర 30 పైన పోతాది. నడి తీగ ఉక్కు మీద రాగి పూతా, నిఖార్సు రాగా అన్నదీ చూడు: వంద మీటర్లకు ఉక్కుది 9 ఓములు, రాగిది 2 చిల్లర. డిష్ ముందుండే ఎల్ఎన్‌బీకి 13, 18 వోల్టులు పోయేది ఆ తీగలోనే. మధ్యలో స్ప్లిటర్ ఉంటే టెస్టర్ దాన్ని దాటి చూడలేదు, పీకేసి చూడు. సెట్‌టాప్ బాక్సు ఆన్‌లో ఉండంగా మాత్రం టెస్టర్ తగిలించొద్దు.

మిద్దె మీద కడప బండల ఎండలో పడుండే క్యాట్ 6 కూడా గుర్తుంచుకోండి. 20 డిగ్రీలు దాటినాక డిగ్రీకి 0.4 శాతం, 40 దాటితే 0.6 శాతం నష్టం పెరుగుతాది. 90 మీటర్ల లైను మే నెలలో 90 మీటర్ల మాదిరి పనిచేయదు.

వైర్‌మ్యాప్ · 11:12

సెట్‌టాప్ బాక్సే కాదు. ఫోను లైను కూడా. రింగ్ వచ్చేటప్పుడు 75 నుంచి 90 వోల్టుల ఏసీ ఉంటాది, రెండొందల టెస్టర్ ఒక్క రింగుకే కాలిపోతాది. ఎప్పుడూ 24, 48 వోల్టులు వదిలే చైనా పీఓఈ స్విచ్ అయితే మరీ. తెర టెస్టర్ కొనేటప్పుడు లైవ్ వోల్టేజి ఉంటే హెచ్చరించేదే చూడు. ఆర్‌జే 11 పోర్టు విడిగా ఉండేదే తీసుకో. ఆర్‌జే 11 ప్లగ్గును ఆర్‌జే 45 లోకి దోపితే దాని భుజాలు 1, 8 పిన్నులను వంచేస్తాయి.

24 గదులకు నంబరు రిమోట్లు (అవతలి కొసకు తగిలించే ముక్కలు, ఏ గదిదో తెరలో నంబరు వస్తాది) ఎన్ని వస్తాయో అడుగు. ఒకటే రిమోటు ఉంటే మెట్లు ఎక్కి దిగను కాళ్ళు చాలవు.

క్రోన్‌పంచ్ · 11:20

రిమోట్లు వద్దు, తీగలోకి కూత పంపి అవతల ఏ తీగో వినిపించే టోనరు చాలు. టోన్ బలంగా రావాలంటే ఒక క్లిప్పు తీగకు, ఒకటి ఎర్త్‌కు పెట్టు. ఒకే జతకు రెండూ పెడితే మెలి దాన్ని మింగేస్తాది. స్విచ్‌కు తగిలించిన లైన్లో కూడా టోన్ వినపడదు, పీకి చూడు.

అయినా వైర్‌మ్యాప్, నీ గోల స్ప్లిట్ పెయిర్ కాదు, నాకు తెల్సు. తెర ఫోటో తీసి బిల్లుకు అతికించి, పాయింటుకు టెస్టింగ్ చార్జీ గుంజేదానికే నీకు ఆ మిషను. తర్వాత ఆ ఓనరే వచ్చి, ఇన్నేండ్లు పని చేసినోన్ని "నీ దగ్గర మిషన్ లేదా, నీ పని నమ్మేదెట్ల" అంటాడు.

వైర్‌మ్యాప్ · 11:27

అవును, తీసుకుంటా. ఎవరో లాగిన తీగకు నేనెందుకు పూచీ పడాల? నెల తర్వాత ఎలుక కొరికినా, నడిమి జాయింటు ఊడినా "నువ్వు వేసినావు గదా" అని మిగిలిన డబ్బు పట్టేస్తారు. ఆ రోజు నువ్వేం చూపిస్తావు? దీపాలు వెలిగిన జ్ఞాపకమా?

క్రోన్‌పంచ్ · 11:33

నా మాట చూపిస్తా. పిలిస్తే పోయి సరి చేసి వస్తా, రూపాయి అడగను.

వైర్‌మ్యాప్ · 11:35

నీ ఊర్లో చెల్లుతాది అన్నా. నువ్వు లాగిన తీగకు నువ్వే కొస వేస్తావు. నాకు వచ్చేవన్నీ వేరేవాళ్ళ గోడలు.

నల్లరేగడి · 11:41

ఫోటో అతికిస్తే అది సర్టిఫికెట్ కాదు, అది కూడా ఓనరుకు చెప్పాల. సర్టిఫికేషన్ అంటే ఫ్లూక్ డీఎస్‌ఎక్స్ లాంటి మిషను, లక్షల్లో. క్యాట్ 6కు 250 మెగాహెర్ట్జ్ దాకా నెక్స్ట్ (పక్క జత మోత), రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగొచ్చే సిగ్నలు) కొలుస్తాది. టెండర్లో అడిగితే అది అద్దెకు తెచ్చుకోవాల్సిందే. లాడ్జికి అక్కర్లేదు.

తుంగభద్ర ఒడ్డు · ఆదివారం పొద్దున 7:15

రాత్రి 12వ గది జాక్ పీకి చూసినా. దీపాలు ఎనిమిదీ వరసే. తెల్లవి నాలుగూ ఒకే మాదిరి ఉండాయి, గీతలు లేవు. ఒలిచి చూస్తే 3లోది నీలంతో మెలి పడుంది. పది మీటర్ల ముక్కకు 1.8 ఓములు, రాగే.

తెరది ఆర్డరు పెట్టినా, ఎనిమిది రిమోట్లు వస్తాయి. ఇంకొక్కటే చెప్పండి. టెస్టింగ్ చార్జీ బిల్లులో వేరే లైను వేయాల్నా?

క్రోన్‌పంచ్ · 7:22

పాయింటు రేటులో కలిపెయ్.

వైర్‌మ్యాప్ · 7:24

వేరే లైనే. గది నంబరు, నాలుగు జతల పొడవులు రాసి ఓనరు సంతకం తీసుకో.

గడియారస్తంభం · 7:40

ఫైబర్ అని రాత్రే చెప్తిని.