స్పెయిన్‌లో నాన్నకు షుగర్ పడిపోతే ఏమని అరవాలి?

పర్లాకిమిడి ఆడపడుచు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల నాన్నను తీసుకుని వలెన్సియాలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాను. నాన్నకు 68 ఏళ్లు, రెండు పూటలా ఇన్సులిన్. తమ్ముడు ఆఫీసుకు పోతే పగలంతా మేమిద్దరమే. నాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. స్పానిష్ ఒక్క ముక్క రాదు.

పోయిన ఏడాది బరంపురం బస్సులో నాన్నకు చెమటలు పట్టి మాట తడబడింది. "చిని దియంతు, చిని దియంతు" అని అరిచాను. వెనక సీటావిడ సంచిలోంచి బెల్లం ముక్క తీసిచ్చింది. ఆ రెండు ఒడియా ముక్కలే ఆ రోజు నాన్నను కాపాడాయి. అలాంటి మాటలు స్పానిష్‌లో కావాలి, తెలుగు అక్షరాల్లో రాయండి. ఫోన్‌లో యాప్ ఉంది గానీ ఆ టెన్షన్‌లో చేతులు వణికితే టైప్ చేయలేను.

మాడ్రిడ్‌లో నాలుగేళ్లు:
అక్కా, ముందు 112 గుర్తుపెట్టుకోండి. పోలీసు, అంబులెన్సు, ఫైర్ అన్నిటికీ అదే, డబ్బులు పడవు.

"సొకోర్రొ!" అంటే కాపాడండి అని. తర్వాత "మీ పాద్రె ఎస్ దియాబేతికొ", మా నాన్నకు షుగర్ ఉంది. ఇక్కడ "మీ" అంటే "నా", తికమక పడకండి. "తియేనె ఉనా బహాదా దె అథూకర్" అంటే షుగర్ పడిపోయింది. అంత రాకపోతే "అథూకర్" అని ఒక్క మాట అరవండి, పంచదార అని. బస్సులో మీరు అరిచింది కూడా అదే కదా. అంబులెన్సు పిలవమనడానికి "యామె ఆ ఉనా అంబులాన్థియా".

ఇంగ్లీషులా ట, డ పలకొద్దు. మన త, ద పలికితే చక్కగా అర్థమవుతుంది.

గుణుపురం నర్సు:
తల్లీ, స్పృహ ఉంటేనే జ్యూసో తీపి నీళ్లో ఇవ్వు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకు, 112 కి చెయ్యి. ఇన్సులిన్ నీ చేతి సంచిలోనే ఉండాలి, విమానం కింద సామాన్లలో వేస్తే గడ్డకట్టి పాడవచ్చు. డాక్టరు చీటీ మీద బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాయించుకో. మన బ్రాండు అక్కడ దొరకకపోవచ్చు.

మాడ్రిడ్‌లో నాలుగేళ్లు:
అవును, మందుల షాపును "ఫార్మాథియా" అంటారు, పచ్చ ప్లస్ గుర్తు ఉంటుంది. ఆసుపత్రిలో "ఉర్హెన్థియాస్" అన్న బోర్డు వైపు వెళ్లండి, ఎమర్జెన్సీ అదే.

పర్లాకిమిడి ఆడపడుచు:
మీ రుణం తీర్చుకోలేను. ఇవన్నీ అట్టముక్క మీద రాసి నాన్న చొక్కా జేబులో పెడుతున్నాను. పొద్దున్నుంచి ఆయన చేత పలికిస్తున్నాను, "అథూకర్" వచ్చేసింది. ఇంకొక్కటి. దారిలో నేనే పడిపోతే నాన్న ఏమనాలి?

మాడ్రిడ్‌లో నాలుగేళ్లు:
"మీ ఈహా సె ఆ దెస్మయాదొ." నా కూతురు స్పృహ తప్పింది అని. అది కష్టమైతే "సొకోర్రొ" ఒక్కటి గట్టిగా అనమనండి, మిగతాది అట్ట తీసి చూపిస్తారు. అట్ట మీద తెలుగు పక్కనే స్పానిష్ అక్షరాల్లో కూడా తమ్ముడి చేత రాయించండి, ఆయన ఫోన్ నంబరుతో సహా.